మంచులో జారండి... ఖర్చులో జారకండి!

మనకు మంచంటే ధనుర్మాసం తెల్లవారుజామున ముగ్గుల మీద కురిసే తడే. లంబసింగిలో చలి కాస్త ముదిరిందని పేపర్లో వస్తే చాలు... విశాఖ నుంచి కార్లు బారులు తీరతాయి. దానికి ‘ఆంధ్రా కశ్మీర్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం. మరి అసలు కశ్మీర్‌లో, మోకాలి లోతు మంచులో, కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని రయ్యిన జారితే ఎలా ఉంటుంది? ఆ ఆశ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ‘ఈసారి సెలవుల్లో గుల్మార్గ్ వెళ్దాం నాన్నా’ అనే పిల్లలూ ఉన్నారు.

కానీ వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది స్కీయింగ్ చేసింది గంటే! అద్దెకు స్కీలు తీసుకోవడం, రెండుసార్లు పడటం, నాలుగు ఫొటోలు దిగడం... అంతే. విమానాలకూ హోటళ్లకూ వేలకు వేలు పోసి, వెళ్లిన పనికి మాత్రం చిల్లర మిగుల్చుకుంటున్నారన్నమాట. లోపం డబ్బులో లేదు, లెక్క వేసే వరసలో ఉంది. ముందు టికెట్లు, తరవాత హోటలు, మిగిలితే మంచు అనుకుంటే మంచుకేమీ మిగలదు. లెక్క తిరగేయాలి. మంచు మీద ఎన్ని రోజులు ఉండాలో ముందు తేల్చుకుని, మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి.

మూడు రోజుల ముచ్చట

స్కీయింగ్ ఈత లాంటిది. మొదటిరోజు భయం, రెండోరోజు ఒళ్లునొప్పులు, మూడోరోజు ఆనందం! తొలిరోజంతా బూట్లు బిగించుకోవడం, పడటం, పక్కకు ఒరిగి లేవడం, రెండు స్కీల ముందు కొసలను దగ్గరకు చేర్చి వెనక భాగాన్ని విడదీస్తూ వేగం తగ్గించుకోవడం... వీటికే సరిపోతుంది. రెండోరోజు మలుపులు. మూడోరోజుకి చిన్న వాలు మీద ఎవరి సాయం లేకుండా జారి, తనంతట తాను ఆగగలిగితే పాస్ అయినట్టే. కాబట్టి మంచు మీద మూడు రోజులకు తగ్గితే స్కీయింగ్ మాట పక్కన పెట్టి, మామూలు విహారయాత్రకు వెళ్లడమే మేలు. ఖర్చూ కలిసొస్తుంది.

మూడు రోజుల పాఠాలకు ప్రయాణం కాక మొత్తం ఆరు రాత్రులు కావాలి. మొదటి రాత్రి శ్రీనగర్. రెండోరోజు గుల్మార్గ్ చేరి విశ్రాంతి. సుమారు 8,700 అడుగుల ఎత్తు కాబట్టి వెళ్లగానే ఎగిరి గంతేయకూడదు. మూడు, నాలుగు, ఐదు రోజులు పాఠాలు. ఆరోరోజు కిందికి దిగి శ్రీనగర్‌లో పడక. ఏడోరోజు విమానం. చివరి రాత్రి శ్రీనగర్‌లో ఎందుకు దండగ అనిపించవచ్చు. రాత్రికి రాత్రి మంచు పడి ఘాట్‌రోడ్డు మూసుకుపోతే, తప్పిపోయే నాలుగు విమాన టికెట్ల కన్నా ఒక రాత్రి గది అద్దె చాలా చవక.

సంక్రాంతికా... శివరాత్రికా?

మన పిల్లలకు శీతాకాలంలో దొరికే పెద్ద సెలవులు సంక్రాంతివే. కశ్మీరీల లెక్కలో అది ‘చిల్లై కలాన్’. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు సాగే గడ్డుచలి. దాని తరవాత ఇరవై రోజుల ‘చిల్లై ఖుర్ద్’, ఆపైన పది రోజుల ‘చిల్లై బచ్చా’. అంటే పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి! పాత లెక్కన జనవరిలో మంచుకు ఢోకా ఉండకూడదు.

కానీ మంచు క్యాలెండరు చూసి పడదు. 2024 జనవరిలో సరిగ్గా మన పండగ రోజుల్లో గుల్మార్గ్ వాలులన్నీ గోధుమరంగులో బోసిపోయి కనిపించాయి. దట్టంగా మంచు కురిసేసరికి నెలాఖరు దాటింది. ఫిబ్రవరి మొదట్లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను అదే నెల మూడోవారానికి జరపాల్సి వచ్చింది. 2025లో అయితే ఫిబ్రవరిలో జరగాల్సిన పోటీలు మార్చికి వెళ్లాయి. ప్రభుత్వాలు పెట్టుకున్న ముహూర్తానికే దిక్కులేనప్పుడు మన సెలవు చీటీ ఎంత?

అందుకే తేదీల విషయంలో పట్టువిడుపు ఉన్నవాళ్లు జనవరి చివరివారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా చూసుకోవడం మంచిది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేది మన దగ్గరే. అక్కడ అప్పటికీ వాలుల మీద మంచు ఉంటుంది, ఎండ కూడా కాస్త కాస్తుంది. ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే మాత్రం ఆ ఏడాదికి ఈ ఆలోచన అటకెక్కించడమే. పరీక్షల ముందు చేయి విరిగితే ఎవరిని అనుకోవాలి?

దారి ఖర్చులో కిటుకులు

మన ఊళ్ల నుంచి శ్రీనగర్‌కు ఎక్కువమంది వెళ్లేది ఢిల్లీ మీదుగానే. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కణ్నుంచి వేరే టికెట్ కొంటే కొన్నిసార్లు చవకగానే వస్తుంది. కానీ చలికాలంలో ఢిల్లీలో పొగమంచు, శ్రీనగర్‌లో హిమపాతం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం మీదే. రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే తరవాతి విమానం చూపించే బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది.

తీరిక ఉంటే రైలూ ఉంది. 2025 జూన్‌లో కాట్రా - శ్రీనగర్ వందేభారత్ మొదలయ్యాక కశ్మీర్ లోయకు రైలుదారి తెరుచుకుంది. మూడు గంటల ప్రయాణం. నదికి 359 మీటర్ల ఎత్తున కట్టిన చీనాబ్ వంతెన మీదుగా వెళ్తుంది. వైష్ణోదేవి దర్శనం కూడా కలిసొస్తుందని పెద్దవాళ్లు సంతోషిస్తారు. అయితే మన దగ్గర నుంచి కాట్రా చేరడానికే రానుపోను అదనంగా మూడు నాలుగు రోజులు పడుతుంది. సెలవు దొరకని ఉద్యోగికి అదీ ఖర్చే.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్ల పైచిలుకు. చివరి 13 కిలోమీటర్లు తంగ్‌మార్గ్ నుంచి ఘాట్‌రోడ్డు. మంచు ఎక్కువగా ఉంటే మామూలు కార్లను అక్కడే ఆపేస్తారు. చక్రాలకు గొలుసులు బిగించిన వాహనానికి మారాలి. టాక్సీ మాట్లాడుకునేటప్పుడు ‘తంగ్‌మార్గ్ దాకానా, హోటల్ గుమ్మం దాకానా?’ అని అడగకపోతే ఈ ఖర్చు నెత్తిన పడుతుంది. ఒకసారి కాదు, రానూపోనూ రెండుసార్లు!

రేట్లు మారతాయి... లెక్క మారదు

రేట్లు వారానికోలా ఉంటాయి. కాబట్టి కాగితం మీద ముందు రూపాయలు రాయకండి, సంఖ్యలు రాయండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అనుకుందాం. గుల్మార్గ్‌లో నాలుగు రాత్రులు. ఒకే పెద్ద గది అయితే నాలుగు గది అద్దెలు, రెండు గదులైతే ఎనిమిది. స్కీలు, బూట్లు, ఊతకర్రల సెట్టు నలుగురికి మూడు రోజులంటే పన్నెండు అద్దెలు. ఇంటావిడ ‘నాకు ఒక్కరోజు చాలు’ అన్నా, ఇంటాయనకు మోకాళ్లు సహకరించకపోయినా అది పదికి తగ్గుతుంది. నేర్పే ఇన్‌స్ట్రక్టర్ ఇంటిల్లిపాదికీ ఒక్కరే అయితే మూడు రోజుల ఫీజు. పెద్దలకొకరు, పిల్లలకొకరు అంటే ఆరు. ఇలా రాసుకున్నాక రెండు మూడు చోట్ల ధరలు అడిగి గుణిస్తే చాలు... ఎక్కడ తగ్గించుకోవచ్చో కాగితమే చెబుతుంది.

తగ్గించుకోకూడనివీ ఉన్నాయి. కాలికి సరిపడని బూటు ఎంత చవకైనా వద్దు. హెల్మెట్, నీళ్లు పీల్చని చేతితొడుగులు, మంచు మీది ఎండ నుంచి కాపాడే కళ్లద్దాలు తప్పనిసరి. మందపాటి కోట్లు, గమ్‌బూట్లు మాత్రం కొనక్కర్లేదు. తంగ్‌మార్గ్ దారిలోని దుకాణాల్లో అద్దెకు దొరుకుతాయి. ఏడాదంతా బీరువాలో మగ్గే కోటు మీద డబ్బు పోయడం కన్నా, లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు మంచివి కొనుక్కోవడం తెలివైన పని.

బస తంగ్‌మార్గ్‌లో అయితే చవకే. కానీ రోజూ పైకీ కిందికీ వాహనం ఖర్చు కలిపి చూడండి. పొద్దుటి పాఠం సమయం కూడా దారిలోనే కరిగిపోతుంది. గుల్మార్గ్‌లో గది తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. గది వెచ్చగా ఉంచే ఏర్పాటేమిటి? దానికి విడిగా డబ్బులా? వేణ్నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి? అక్కడ భోజనం ఖర్చూ తక్కువేం కాదు. సూట్‌కేసులో కందిపొడి, ఆవకాయ పెట్టుకున్నవాళ్లు రెండు విధాలా లాభపడతారు!

గొండోలా ఎక్కాలా?

గుల్మార్గ్ అనగానే గుర్తొచ్చే కేబుల్ కారే గొండోలా. మొదటి దశ 1998లో మొదలైంది. పది వేల అడుగుల ఎత్తున ఉన్న కొంగ్‌డోరీ దాకా వెళ్తుంది. 2005లో వచ్చిన రెండో దశ అఫర్వత్ కొండ మీద 13 వేల అడుగుల దాకా తీసుకెళ్తుంది. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. రద్దీ రోజుల్లో చివరి నిమిషంలో దొరకవు. గాలి ఎక్కువైతే పై దశ ఆపేస్తారు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు స్కీయింగ్ కోసం గొండోలాతో పనే లేదు. వేసవిలో గోల్ఫ్ ఆడే మైదానమే శీతాకాలంలో వాళ్ల బడి. పైదంతా ఆరితేరినవాళ్ల వ్యవహారం. వాళ్లకైనా గండాలు తప్పవు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ వాలులో మంచుచరియలు పడి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ అలాగే ప్రాణాలు కోల్పోయారు. గుర్తులు పెట్టిన వాలులు దాటి వెళ్లొద్దని చెప్పేది అందుకే. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు రెండో దశ జోలికి పోకపోవడమే క్షేమం. ప్రయాణ బీమా తీసుకుంటే, అందులో సాహస క్రీడలకు వర్తింపు ఉందో లేదో చదివి మరీ సంతకం పెట్టండి. చాలా పాలసీల్లో ఉండదు.

యువతకు దగ్గరి దారి

ఇంట్లో కాలేజీ పిల్లలుంటే మరో దారి ఉంది. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యటక శాఖ నడిపే భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ లాంటివి శీతాకాలంలో స్కీయింగ్ కోర్సులు నిర్వహిస్తాయి. సరంజామా, శిక్షణ, బస కలిపి ఒకే ఫీజుగా తీసుకునే కోర్సుల్లో విడివిడిగా పెట్టే ఖర్చుకన్నా చాలా మిగులుతుంది. సీట్లు తక్కువ కాబట్టి నెలల ముందే దరఖాస్తు చేయాలి.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలులు కూడా నేర్చుకునేవాళ్లకు అనువైనవే. అయితే 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు ఔలీ రోప్‌వేని ఆపేశారు. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు రోడ్డు ప్రయాణానికే లెక్క వేసుకోవాలి. ఒక్కపూట సరదా చాలనుకుంటే మనాలీ పక్కన సోలాంగ్ సరిపోతుంది.

ఎనిమిదో వంతు మంచుదే

అన్నీ కూడాక మొత్తంలో ఎనిమిదో వంతు విడిగా తీసి పెట్టండి. అదే లేకపోతే ఖర్చు తడిసి మోపెడయ్యేది. రోడ్డు మూసుకుపోయి ఒక రాత్రి అదనంగా ఉండాల్సి రావచ్చు. పాఠం ఇంకో రోజు పొడిగించాలనిపించవచ్చు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి, చేతిలో కొంత నగదూ ఉండాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తరవాత లోయలో చాలా పర్యటక ప్రాంతాలను కొన్నాళ్లు మూసేశారు. అందువల్ల డబ్బు కట్టేముందు ప్రభుత్వ సూచనలు చూసుకోవడం, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోవడం తప్పనిసరి.

గుల్మార్గ్‌లో దిగగానే స్లెడ్జిబండ్లు లాగేవాళ్లు, గైడ్లు చుట్టుముడతారు. విసుక్కోనక్కర్లేదు. వాళ్లకు అదే జీవనాధారం. ధర ముందే ఖాయం చేసుకుని, రిజిస్టరయిన గైడ్‌నే పెట్టుకుంటే ఇద్దరికీ మర్యాద.

అన్నీ సరిగ్గా చేసినా మంచు పడకపోతే? ఆ మాట ఇంట్లో పిల్లలకు బయల్దేరే ముందే చెప్పాలి. దాల్ సరస్సు మీద షికారా, మొఘల్ తోటలు, పొగలు కక్కే కహ్వా... ఇవి ఎక్కడికీ పోవు. మంచును ఏ ప్యాకేజీలోనూ కొనలేం. కొనగలిగింది దానికోసం ఎదురుచూసే రోజుల్ని మాత్రమే. ఆ రోజులు చేతిలో ఉన్నవాళ్లకే, మూడోరోజు పొద్దున్న పిల్లాడు పడకుండా పది గజాలు జారి వెనక్కి తిరిగి నవ్వడం చూసే అదృష్టం దక్కుతుంది.