దూలమూ దారీ

సైటోస్కెలిటన్ అన్న మాటను మన పాఠ్యపుస్తకాలు కణ అస్థిపంజరం అని తెనిగించాయి. ఆ అనువాదం నాకు ఎన్నడూ రుచించలేదు. అస్థిపంజరం అనగానే కదలక మెదలక నిలిచిన ఎముకల గూడు మనసులో మెదులుతుంది. కణంలో ఉన్నది అటువంటిది కాదు. యాక్టిన్ తంతువులు, సూక్ష్మనాళికలు, మధ్యస్థ తంతువులు అనే మూడు రకాల ప్రోటీన్ పోగులతో అల్లిన చట్రం అది. అందులోని నాళికలు ఒకచోట పెరుగుతూ మరొకచోట కరుగుతూ అనుక్షణం మారుతుంటాయి. చేసే పని చూస్తే దానిని దూలమనాలో దారి అనాలో తెలియదు.

నాడీకణంలో ఈ దారి లేనిదే పూట గడవదు. పిక్కను ఆడించే నాడీకణం దేహం వెన్నుపాములో ఉంటుంది. దాని తోక, అంటే ఏక్సాన్, పిక్క దాకా సాగుతుంది. పెద్దవారిలో అది మీటరుకు దగ్గర. ఆ పొడవునా 25 నానోమీటర్ల వ్యాసం గల సూక్ష్మనాళికలు పట్టాల్లా పరచుకుని ఉంటాయి. కైనెసిన్ అనే ప్రోటీన్ సరుకును కణదేహం నుంచి కొసకు మోస్తుంది. డైనీన్ కొస నుంచి వెనక్కి తెస్తుంది. రేబిస్ వైరస్ ఎక్కేది ఈ తిరుగు బండినే.

1974 వేసవిలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒకే కుక్క ఒకే ఉదయాన నన్నూ మా పక్కింటి అబ్బాయినీ కరిచింది. నన్ను పిక్క మీద. వాడు ఐదేళ్ళవాడు కనుక కుక్క మూతికి వాడి ముఖమే అందింది. మా నాన్నగారు ఆ మధ్యాహ్నమే నన్ను బస్సెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు, రోజుకొకటి. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ టీకాను 2005 నాటికి మన దేశం విడిచిపెట్టింది గానీ, దాని మాట వస్తే నా తరంవారి చేయి ఇప్పటికీ పొట్ట మీదికే పోతుంది. వాడికి పసరు పోయించారు. నాలుగు రోజులయ్యాక ఎవరో మందలిస్తే ఆసుపత్రికి తెచ్చారు. నా వెనకే వరుసలో నిలబడి సూది వేయించుకునేవాడు. మూడు వారాలు తిరక్కుండానే పోయాడు.

నాలుగు రోజుల తేడాకే ఒక పిల్లవాడు పోవడమేమిటని మా అమ్మ చాలా ఏళ్ళు అడుగుతూ ఉండేది. తలరాత అనేవారు అందరూ. ఆమెకు చెప్పదగిన జవాబు నాకు చాలాకాలానికి ఈ నాళికలలో దొరికింది. వైరస్ కరిచిన చోట కొన్నాళ్ళు ఆగవచ్చు. నాడి కొసలో ప్రవేశించాక మాత్రం రోజుకు సెంటీమీటర్ల లెక్కన నడుస్తుంది. టీకా వల్ల రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టడానికి వారం పది రోజులు కావాలి. పిక్క నుంచి దారి పొడవు, నాకు ఆ గడువు దొరికింది. ముఖంలో నాడులు దట్టం, మెదడు బెత్తెడు దూరం.

వైరస్ ఆ బండిలో ఊరికే కూర్చోదు. 2014లో టెల్ అవీవ్ పరిశోధకులు దాని ప్రయాణాన్ని ఏక్సాన్‌లలో గమనించారు. నాడికి వృద్ధి కారకాన్ని అందించే పి75 అనే గ్రాహకాన్నే పట్టుకుని, ఆ కారకం కన్నా వేగంగా, తక్కువ మజిలీలతో అది సాగిపోయింది. ఇంటివారి బండెక్కిన దొంగ ఎడ్లను అదిలించినట్టు!

పట్టాలు తెంపితే? మన కంచెలకు అల్లుకునే అడవినాభి దుంపలో కాల్చిసిన్ అనే విషముంది. అది సూక్ష్మనాళికలను కట్టుకోనివ్వదు. ప్రయోగశాల జంతువుల నాడి దగ్గర దానిని పెడితే వైరస్ ప్రయాణానికి అడ్డుపడుతుందని 1970ల చివరలోనే చూపారు. అయితే ఆ దారి మూస్తే నాడికి కావలసిన సమస్తమూ ఆగిపోతుంది. ఇది చదివి ఎవరూ దుంపలు తవ్వబోకండి. పసరు కథ ఒకటి చాలు.

రేబిస్‌తో పోయినవారి మెదడులో, జరిగిన అనర్థానికి తగిన విధ్వంసం కనిపించకపోవడం వైద్యులను చాలాకాలం తికమకపెట్టింది. నాడీకణాలు చాలావరకు చావవు. 2005లో చిట్టెలుకల మీద జరిగిన ఒక పరిశోధన కొంత తెర తీసింది. రోగకారక వైరస్ సోకిన మెదడులో కణదేహాలు నిలిచే ఉన్నాయి. వాటి శాఖలు మాత్రం లోపలి చట్రం చెదిరి శిథిలమయ్యాయి. బలహీనపరచిన వైరస్ సోకిన ఎలుకలలో ఆ నష్టం లేదు. వచ్చేటప్పుడు పదిలంగా వాడుకున్న దారిని, చేరిన తరువాత పాడుచేసిందన్నమాట. పైన పెంకు చెదరని ఇంట్లో దూలాన్ని చెదలు తినేసినట్టు. శాఖలు పోయిన కణం బతికే ఉంటుంది, పక్క కణానికి కబురు చెప్పలేదు.

గుక్కెడు నీళ్ళు మింగాలన్నా మెదడుకాండంలో ఎన్నో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవాలి. చివరి రెండు రోజులూ వాడు దాహం దాహమని అడుగుతూనే ఉన్నాడట, గ్లాసు దగ్గరికి తెస్తే గొంతు పట్టేసేదట.