మార్సేల్స్ రేవులో ఏడు గంటలు

విహారనౌక ఎక్కి వచ్చానని ఈ పత్రిక పాఠకుల ముందు చెప్పుకోవడానికి నాకు కొంత జంకుగానే ఉంది. సత్యవేడులో పుట్టి, తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి మధ్యధరా సముద్రంలో ఏం పని అని మిత్రులు అడగనే అడిగారు. జర్మనీలో ఉంటున్న మా అక్క, బావ టిక్కెట్టు కొని రమ్మన్నారు, వెళ్ళాను. అంతకుమించి సమర్థించుకోను.

మార్సేల్స్ రేవులో ఓడ ఉదయం తొమ్మిదింటికి ఆగింది. తిరిగి ఎక్కవలసింది సాయంత్రం నాలుగింటికి. కంపెనీవారు ఏర్పాటు చేసిన బస్సులో అక్కావాళ్ళు ఊరు చూడబోయారు. దించిన చోట దిగి, చూపించినది చూసి, ఎక్కమన్నప్పుడు ఎక్కడం నాకు నచ్చలేదు. నా మటుకు నేను స్వతంత్రంగా తిరుగుతానన్నాను. ఆ మాట అనేటప్పుడు నాలో కొంత గర్వం కూడా ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా గది ఊడ్చి పక్కలు సర్దే కుర్రవాడిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా మాటలు విని రెండో రోజే తెలుగులో పలకరించాడు. ఆ ఉదయం నేను బూట్లు తొడుక్కుంటూ ఉంటే అన్నాడు: "ఊరు సూసొచ్చి నాకు సెప్పండి మాస్టారూ. పన్నెండు సార్లొచ్చాను గానీ ఈ రేవు గేటు దాటి ఎల్లలేదు." ఓడ కార్మికులకు రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు తగ్గకుండా విశ్రాంతి ఉండాలనీ, రేవులో ఒడ్డుకు దిగే సెలవు ఉండాలనీ 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. కాని మేము దిగిపోయిన వేళే గదులు సర్దే వేళ. మిగిలిన గంటలు నిద్రకే చాలవు.

ఓడ దిగిన తరువాత బస్సు నన్ను జోలియెట్ అనే పేటలో దించింది. అక్కడ 19వ శతాబ్దం నడుమ కట్టిన గిడ్డంగులు ఉన్నాయి. సుమారు 365 మీటర్ల పొడవున ఒకటే వరుస. ఇప్పుడు వాటినిండా ఆఫీసులూ, దుకాణాలూ. నన్ను అక్కడ అరగంట నిలబెట్టింది మాత్రం చెనక్కాయ. 19వ శతాబ్దం చివర దక్షిణార్కాటు మెట్టపొలాల చెనక్కాయ పుదుచ్చేరిలో ఓడలెక్కి ఈ ఊరి నూనెమిల్లులకు, సబ్బు కార్ఖానాలకు వచ్చేది. ఎండలో కూర్చుని కాయ వలిచిన ఆడకూలీ మార్సేల్స్ అనే పేరైనా విని ఉండదు. ఆమె గోళ్ళ అరుగుదల ఈ గోడల్లో ఎక్కడో ఉంది.

తలెత్తితే రేవు పక్కనే 147 మీటర్ల గాజు మేడ కనిపించింది. సీఎంఏ సీజీఎం అనే సరుకు ఓడల సంస్థకు అది ప్రధాన కార్యాలయం. ఆ అక్షరాలు నాకు కొత్త కావు. 2008లో మా ప్రాంతంలో శ్రీసిటీ వెలసినప్పటినుండి కంటెయినర్ లారీలు మా రోడ్డున పోతూనే ఉన్నాయి. కళాశాలకు పోయే బస్సు వాటి వెనుక ఆగినప్పుడల్లా ఆ పేరు చదువుకునేవాణ్ణి. చెనక్కాయ సంచి పోయి ఇనుప పెట్టె వచ్చింది గాని, దారి మాత్రం పాతదే కాబోలు.

అక్కడినుండి పానియే వాడ మెట్లెక్కి పాతరేవు వైపు దిగాను. 1943 తొలి నెలల్లో నాజీలూ, వారికి తొత్తులైన విషీ ప్రభుత్వ పోలీసులూ కలిసి ఆ రేవు వాడను ఖాళీ చేయించి, సుమారు 1,500 కట్టడాలను పేల్చివేశారు. దాదాపు 20,000 మంది నిలువనీడ లేనివారయ్యారు. యూదులను పట్టి శిబిరాలకు పంపారు. పేదల వాడకు మురికికూపమని ముందు పేరుపెట్టడం, తరువాత దాన్ని కూల్చడం మనకూ తెలిసిన పద్ధతే. బాంబులు లేకున్నా ఇళ్ళు కూలుతాయి. రేవుకు దగ్గరలోనే, నోయాయ్ సంత పక్కన ఒబాన్ వీధిలో 2018 నవంబరు 5న రెండు పాత ఇళ్ళు కూలి 8 మంది చనిపోయారు. ఆ సంతలో బెండకాయలూ కొత్తిమీరా చూసేసరికి నాకు మా ఊరి వారపు సంత గుర్తుకొచ్చింది.

రేవు ఒడ్డున కూర్చుని రొట్టె తిన్నాను. ఇండోచైనా యుద్ధానికి పోయే ఆయుధాలను ఎక్కించబోమని 1949–50లో ఈ ఊరి రేవు కూలీలు పని ఆపారు. వారిలో ఒకడు సెనెగల్ నుండి వచ్చిన సెంబేన్ ఉస్మాన్. ఇక్కడ బస్తాలు మోసి, ఆ బ్రతుకుమీదే నవల వ్రాసి 1956లో అచ్చువేయించాడు. ఆయన చూసిన మార్సేల్స్‌ను నేను ఏడు గంటల్లో చూడగలనా? చూశాననే అనుకున్నాను, మరి!

తిరుగు బస్సులో ఎందుకో మా క్లాసు జ్ఞాపకం వచ్చింది. ఏనుగుల వీరాస్వామిగారు 1830–31లో చేసిన కాశీయాత్ర గురించి చెప్పేటప్పుడు, "అది బోయీల భుజాలమీద సాగిన యాత్ర, మరచిపోకండి" అని విద్యార్థులతో గట్టిగా అంటూ ఉంటాను. వీరాస్వామిగారు పల్లకీలో కూర్చున్నానని దాచుకోలేదు. నేను మాత్రం పల్లకీ దిగి నాలుగడుగులు వేసి, కాలినడకన వచ్చానని మురిసిపోయాను.

సాయంత్రం కుర్రవాడు తువ్వాళ్ళు మార్చడానికి వచ్చాడు. అడిగాడు కదా అని అన్నీ చెప్పాను. గిడ్డంగులు, చెనక్కాయలు, కూలిన వాడ, సమ్మె చేసిన కూలీలు. 1792లో ఈ ఊరి దళం పాడుకుంటూ పారిస్‌కు నడిచింది గనుకనే ఫ్రెంచి జాతీయగీతానికి ఆ పేరు వచ్చిందన్న సంగతితో సహా. పాఠం బాగానే సాగింది. అతడు చేతిపని ఆపకుండానే విన్నాడు.

"బాగుంది మాస్టారూ. అక్కడ గది అద్దె ఎంతంట? మనలాంటోళ్ళకి పనిత్తారా?"

నేను ఎవరినీ అడగలేదు. అదే చెప్పాను.

"పోన్లెండి. వచ్చే వారం మళ్ళీ ఇక్కడికే వత్తాం" అని పాత తువ్వాళ్ళు చంకన పెట్టుకుని పక్కగది తలుపు తట్టాడు.