పన్నుకూ దోపిడీకీ మధ్య గీత – ఆలేరు దారిలో ఒక ఆలోచన

సికింద్రాబాదు నుండి కాజీపేట వెళ్లే దారిలో భువనగిరి దాటాక ఆలేరు స్టేషను వస్తుంది. ఇప్పుడు ఇది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, 2016 వరకు నల్గొండ జిల్లా ఊరే. కొలనుపాక జైన మందిరం చూడదలచినవారు ఇక్కడ దిగుతారు. దిగకుండా జనగామ వైపు సాగిపోతే, మరో చరిత్ర ఎదురవుతుంది. అది శిస్తుల చరిత్ర.

"పన్ను వసూలు చేసే సర్కారుకూ, మామూళ్లు వసూలు చేసే ముఠాకూ తేడా ఏమిటి?" అని కొందరు అడుగుతుంటారు. ఇద్దరూ ఇవ్వమంటారు, ఇవ్వకుంటే శిక్ష తప్పదంటారు, ఇస్తే కాపాడతామంటారు. ఇది వేళాకోళం ప్రశ్న కాదు. ఈ పల్లెల ప్రజలు ప్రాణాలొడ్డి అడిగిన ప్రశ్న.

నిజాం రాజ్యంలో ఒకప్పుడు శిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. సర్కారుకు కట్టగా మిగిలింది గుత్తదారుదే. 1860లలో సాలార్ జంగ్ ఆ పద్ధతిని తొలగించినా, దేశ్‌ముఖుల పెత్తనం పోలేదు. భూమి లెక్కలు రాసేవారూ, కర్రలు పట్టి వచ్చేవారూ వారి చెప్పుచేతల్లోనే ఉండేవారు. పైగా వెట్టిచాకిరి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లెవీ ధాన్యం కూడా తోడైంది. దొరలు తప్పించుకున్నారు. చిన్న రైతుల గాదెలు ఖాళీ అయ్యాయి.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. దోచుకోవడానికి వచ్చిన రజాకార్లను ఎదిరించిన బైరాన్‌పల్లి మీద 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి విరుచుకుపడ్డారు. ఎందరినో చంపారు. సర్కారు ఎక్కడ ముగిసింది, ముఠా ఎక్కడ మొదలైంది? ఆనాడు ఎవరూ చెప్పలేకపోయారు.

అయితే ఆ గీత గీయవచ్చని అంతకు ఏడు వందల ఏండ్ల ముందే ఈ నేలను ఏలిన కాకతీయులు చూపారు. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాగేసుకునేవారు. గణపతిదేవుడు 1244లో సముద్రతీరాన మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేదీ తీసుకోనని మాట ఇచ్చాడు. రాజు ముందు తన చేతికే హద్దు పెట్టుకున్నాడు.

మనకు బాగా తెలిసిన యెరికో జక్కయ్య కూడా సుంకపు గుత్తదారుడే. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నప్పుడు, ఏది సుంకమో ఏది దోపిడీయో తనకు తెలుసునని అతడు ఒప్పుకున్నట్లే గదా!

కాబట్టి ప్రియ పాఠకులారా, ఇంటిపన్ను కట్టేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. ఎంత కట్టాలో ముందే చెప్పారా? రసీదు ఇచ్చారా? ఆ సొమ్ము దేనికి ఖర్చయిందో అడిగే వీలుందా? అన్యాయం జరిగితే చెప్పుకునే చోటుందా? ఉంటే అది పన్ను, సంతోషంగా కట్టండి. లేకుంటే ధైర్యంగా అడగండి. కానీ ఎగ్గొట్టకండి. దొర ఎగ్గొట్టిన లెవీ ఎవరి గాదె మీద పడిందో ఈ పల్లెలకు తెలుసు.