కరెంటుకూ ఒక అలుగు

పిల్లలూ! చెరువు నిండితే, గట్టు తెగకుండా అదనపు నీరు అలుగు మీదుగా పోతుంది గదా! యింటి కరెంటుకు కూడా అటువంటి అలుగు ఒకటున్నది. దాన్ని సర్జ్ ప్రొటెక్టర్ అంటారు.

మన యిళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. దగ్గిరలో పిడుగు పడితే తీగల్లో ఒక్క క్షణం కొన్ని వేల వోల్టులు పుట్టవచ్చు. అప్పుడీ సాధనం దారి తెరిచి, ఆ వరదను ఎర్తు తీగ గుండా భూమిలోకి పంపి, వెంటనే దారి మూసేస్తుంది. ఎర్తు సరిగా లేకపోతే ఆ వరదకు పోయే చోటే ఉండదు.

మా యింట్లో దీన్ని అమర్చుతూంటే నేను దగ్గిరుండి చూశాను. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, కరెంటు లేదని మీటరు పెట్టి రూఢి చేసుకున్న తరువాతనే పని మొదలుపెట్టాడు. దానికి కలిపే తీగలన్నీ కలిసి అరమీటరు మించకుండా, వంపులు లేకుండా కత్తిరించాడు. “తీగ పొడుగైతే వరదకు అడ్డండీ. ఆ దెబ్బ టీవీకి తగులుతుంది,” అన్నాడు.

దాని మీద చిన్న కిటికీ ఉన్నది. అది ఆకుపచ్చగా ఉంటే క్షేమం. ఎర్రబడితే సాధనం మార్చవలసిందే. పెద్దలు బోర్డు తలుపు తీసినప్పుడు చూసి, వారికి చెప్పండి. మీరు మాత్రం ముట్టుకోకండి. ఎందుకంటే, మెయిన్ ఆపినా దాని దాకా వచ్చే తీగలో కరెంటు ఉండనే ఉంటుంది!