పలుపనుల చాకు

స్త్రీల చేసంచిలో చాకెందుకని పరిహసించువారు మన వంటయింటి కత్తిపీటను మఱచినట్లున్నారు. ఒక్క పీటకే కూరలు తఱుగు కత్తియు, దాని కొనయందు కొబ్బరి కోరామును అమర్చుకొన్న మనకు పలుపనుల పనిముట్టు క్రొత్తది కాదు. కత్తిపీటను ప్రయాణములకు గొనిపోజాలము గనుక, మడిచి సంచిలో నుంచుకొనదగిన చాకును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అంగడివాడు చాకులో నెన్ని పనిముట్లున్నవో లెక్కించి చూపును. ఆ లెక్కనుబట్టి కొనరాదు. 1891లో స్విట్జర్లాండు సైనికుల కిచ్చిన చాకులో నున్నవి నాలుగే: అలుగు, ఆరె, డబ్బామూత కోయునది, తుపాకి మరలు విప్పుటకు స్క్రూడ్రైవరు. వారి కవియే నిత్యావసరములు. 1975లో టిం లెదర్‌మన్ అను అమెరికా దేశీయుడు భార్యతో ఐరోపాలో పాతకారుపై తిరుగుచు, దానిని బాగుచేయుటకు జేబుచాకు చాలక, పట్టకారు లేని లోటును గ్రహించెను. ఆయన కల్పించిన పట్టకారు చాకు 1983లో అమ్మకమునకు వచ్చెను. రెండును అక్కఱనుండి పుట్టినవే.

కావున సోదరీమణులు ముందుగా తమ పనులను తలచుకొనవలెను. పొట్లపు దారము కోయుట, కుక్కరు పిడి మర బిగించుట, పండు తఱుగుట మాత్రమే యైనచో, కత్తెరయు స్క్రూడ్రైవరును గల 91 మిల్లీమీటర్ల చిన్నచాకు చాలును. పొలము పనులు, అడవిదారులు, దూరపు కారు ప్రయాణములు గలవారికి పట్టకారు గలదే మేలు. ఇనుపతీగ వంచుటకును, బిగిసిన మర విప్పుటకును అది యక్కఱకు వచ్చును. కాని బరువును చూడవలెను. లెదర్‌మన్ వేవ్ అనునది 241 గ్రాములు తూగును.

ఎగువ అహోబిలపు రాళ్లదారిలో నొక యాత్రికురాలి చెప్పుపట్టీ తెగెను. ఎండకు కాలిన బండలపై ఆమె యడుగు వేయజాలకపోయెను. నా చాకులోని ఆరెను మెల్లగా త్రిప్పి రంధ్రము చేసి, సంచిలోని దారముతో కుట్టి యిచ్చితిని. పట్టకారు నాకు లేదు. ఆనాడు దాని యవసరమును కలుగలేదు.

కొనునపుడు అంగడిలోనే ప్రతి పనిముట్టును మీ చేతితో తెఱచి చూడుడు. గోరు విఱుగునంత బిగువైనను, కీలు కదలాడినను విడిచిపెట్టుడు. మోటుపనులకు, తెఱచిన అలుగు తనంతట మూసికొనకుండ గడియ యుండవలెను. చిన్నచాకులలో పెక్కింటికి గడియ యుండదు. వానిని పొడుచుటకు వాడినచో అలుగు వ్రేళ్లపై మూసికొనవచ్చును. నిమ్మకాయ కోసినపిమ్మట కడిగి, తడి యార్చి, కీలున నొక చుక్క నూనె వేయుడు. తుప్పు పట్టని యుక్కని పేరున్నను పులుపు దానిని మచ్చపఱచును. విమానములో చేసంచియందుంచిన తీసివేయుదురు. పెద్ద సామానులో నుంచి పంపుడు.

ఒక మర బిగించుటకై సాయంకాలమువఱకు ఇంటివారి రాకకు వేచియుండు అవస్థ మనలో ననేకు లెఱుగుదురు. మీ పనికి తగిన చాకు మీ సంచిలో నున్నచో ఆ నిరీక్షణ తప్పును.