సైలెన్సర్ బోల్టు బిగించబోయి నేను నేర్చుకున్నది



ఉగాది మీటింగుకు నేను ఎందుకు రాలేదని చాలామంది ఫోన్ చేసి అడిగినారు. బండి రిపేరు అని మాత్రం చెప్పి తప్పించుకున్నా. మొత్తం సంగతి ఈరోజు రాస్తా ఉండాను. కొంచెం పొడుగే. నేను చదువుకున్నది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై ఏండ్లు దాటినాక, ఇంట్లో మా అమ్మ మాట్లాడిన మాటను చేత్తో రాయాలని ఆశపడి నేర్చుకున్నవి. ఒత్తులు, పొల్లులు తప్పుంటే మన్నించండి.

మా ఇంట్లో ఏడు సీట్ల డీజిల్ బండి ఒకటి ఉంది. ఎనిమిదేండ్ల పాతది. అబ్బాయి హోసూరులో పని చేస్తాడు, వారం చివర వస్తాడు. మిగతా రోజుల్లో బండి నా చేతిలోనే. ఒకరోజు పెన్నాగరం రోడ్డులో రంగు వేయని స్పీడ్ బ్రేకరు మీద ఎగిరి పడింది. కింద గీసుకున్న శబ్దం వచ్చింది. మరుసటి రోజునుంచి బండి స్టార్ట్ చేస్తే ట్రాక్టరు మాదిరి బుడబుడమని మోత.

ఊళ్లో ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయినా. అక్కడ పని చేసే పిల్లోడు, ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటాయి, కిందికి దూరి చూసి, సైలెన్సర్ గొట్టం రెండు ముక్కలు కలిసే చోట పేకింగ్ పోయిందన్నాడు. కొత్త పేకింగ్, మూడు కొత్త నట్లు వేసినాడు. బండి ఇస్తా ఒక మాట చెప్పినాడు: "అయ్యా, నూరు కిలోమీటర్లు నడిపినాక ఒకసారి తీసుకురండి. పేకింగ్ వేడికి కూర్చుంటుంది. మళ్లా చూసి బిగిస్తా. డబ్బు వద్దు."

నేను తల ఊపినా. పోలేదు. డబ్బు వద్దన్న పనికి మళ్లా పిలిచినాడంటే ఇంకేదో పార్టు తగిలిస్తాడని నా అనుమానం. ముప్పై ఏండ్లకు పైగా రైల్వేలో బిల్లులు చూసిన కండ్లు కదా, అందరూ అట్లనే కనిపిస్తారు.

వారం గడిచినాక, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అని చిన్న శబ్దం. ఇంత చిన్న పనికి వర్క్‌షాపు ఎందుకని, పాత గోనెసంచి పరచుకొని బండి కింద దూరినా. మూడు నట్లలో ఒకటే నా చేతికి బాగా అందింది. దానికే స్పానర్ పెట్టినా. చేతి బలం చాలక స్పానర్ పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి, కాలు ఆనించి లాగినా. కిర్రుమని తిరిగింది. శబ్దం తగ్గినట్టే అనిపించింది. లేచి చేతులు కడుక్కొని, మీసం తిప్పుకొని కాఫీ తాగినా. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం సేలంలో బంధువుల పెండ్లి. అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను, మా ఆవిడ, ఇంకో ఇద్దరు. సారె తట్టలు వెనక పట్టక, డిక్కీ తలుపు పూర్తిగా మూయకుండా తాడుతో కట్టినాము. తొమ్మిదేండ్ల మనవరాలు వెనక సీట్లో, తట్టల పక్కన కూర్చుంది. ఎండ. ముందర అద్దాలన్నీ మూసి ఏసీ వేసినాము.

నల్లంపల్లి దాటినాక పాప అంది: "తాతా, తలవలి." మా ఇండ్లల్లో పిల్లల మాట అంతే, సగం తమిళం, సగం తెలుగు. మా ఆవిడ నిమ్మకాయ చేతికిచ్చి వాసన చూడమంది. ముందర తొప్పూరు కనుమ ఉంది, వంపుల దారి, కడుపులో తిప్పుతుందిలే అనుకున్నాము. కోడలు కూడా తల పట్టుకుంది. కనుమ దిగేటప్పుడు పాప మాట ఆగిపోయింది. నిద్ర అనుకున్నాము. కోడలు వెనక్కి తిరిగి పిలిస్తే పలకలేదు. భుజం పట్టి ఊపితే కండ్లు తెరిచి, ఎక్కడున్నామని తెలియనట్టు చూసింది.

తొప్పూరు కనుమలో బండి ఆపడం ఎంత ప్రమాదమో మీ అందరికీ తెలుసు. లారీలు బ్రేకు మీద బ్రేకు వేసుకుంటా వరసగా దిగే చోటు అది. అబ్బాయి నిదానంగా కిందివరకు దించి, వెడల్పు ఉన్న చోట ఓరకు ఆపినాడు. పాపను ఎత్తుకొని దూరంగా చెట్టు కిందికి పోయినాము. వాంతి చేసుకుంది. కొంచెం కొంచెంగా తేరుకుంది. సేలంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, మొదటి ప్రశ్నే "కారు మూసి వచ్చినారా? పొగ వాసన వచ్చిందా?" అని. కొంతసేపు ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దాకా చూసి పంపించినారు. పెండ్లి భోజనం ఎవరం తినలేదు.

డాక్టరు చెప్పింది మీకూ చెప్తా. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తలనొప్పి, వాంతి, మత్తు. పెట్రోల్ బండిలో అది ఎక్కువ, డీజిల్‌లో తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. డీజిల్ పొగ క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. వెనక తలుపు తెరిచి బండి నడిపితే పొగ బయటికి పోతుందని మనం అనుకుంటాము. జరిగేది వేరే. పరుగెత్తే బండి వెనక గాలి సుడి తిరిగి, గొట్టంలోంచి వచ్చిన పొగను లోపలికే లాగుతుంది. ఆరోజు మా బండికి కింద కారుతున్న జాయింటు ఒకటి, వెనక తెరిచిన తలుపు ఒకటి. రెండూ కలిసి పాప మీద పడినాయి.

ఇప్పుడు నేను సిగ్గుపడే చోటు చెప్తా. ఆసుపత్రి వరండాలోనే అబ్బాయి వర్క్‌షాపుకు ఫోన్ చేసి అరిచినాడు. ఆ ఓనరు ఫోన్ పట్టుకునే ఆ పిల్లోణ్ణి తిట్టడం మాకు వినిపించింది. "రేపటినుంచి రావద్దు" అన్నంత దాకా పోయింది. నేను పక్కనే నిలబడి ఉండాను. నోరు తెరవలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం బండిని అక్కడికే తీసుకుపోయినాము. ఆ పిల్లోడు ర్యాంపు మీదికి ఎత్తి, లైటు పట్టి చూపించినాడు. గొట్టాల రెండు మూతులు కలిసే చోటును ఫ్లాంజి అంటారు. అది ఒక పక్క అదిమి, ఇంకో పక్క నోరు తెరుచుకొని ఉంది. ఆ సందులోంచి నల్లటి మసి చార. ఒక స్టడ్డు వంగింది. పిల్లోడు కోపంగా ఏమీ అనలేదు. "ఎవరో ఒక్క నట్టును మాత్రం గొట్టం వేసి లాగినారు" అన్నాడు. అబ్బాయి ఓనరు వైపు చూసినాడు. ఓనరు పిల్లోడి వైపు చూసినాడు.

"నేనే లాగినా" అన్నా.

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిన్ననే చెప్పుండొచ్చు కదా నాయనా" అన్నాడు. అంతే. తిట్టుంటే బాగుండు.

ఎక్కువ నొప్పి ఏమంటే, ఇది నాకు తెలియని పాఠం కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టాల ఇన్‌స్పెక్టరు ఆఫీసులో క్లర్కును. హాజరు పట్టీ, స్టోరు లెక్క నా పని. ఎన్ని ఫిష్ బోల్టులు వచ్చినాయి, ఎన్ని పోయినాయి, అన్నీ నా చేత్తో రాసినవే. రెండు పట్టాలు కలిసే చోట రెండు పక్కలా ఫిష్ ప్లేట్లు పెట్టి నాలుగు బోల్టులు వేస్తారు. కీమ్యాన్ అని ఒకాయన రోజూ తన బీటు మొత్తం నడిచి, వదులైన బోల్టును, జారిన కీని చూసుకుంటా పోతాడు. మా దగ్గర పనిచేసిన కీమ్యాన్ అన్న ఒకరు, మన తెలుగాయనే, సాయంత్రం ఆఫీసుకు వచ్చి టీ తాగుతా చెప్పేవాడు: "ఒక్క బోల్టునే లాగితే పట్టా మాట వినదు సామీ. అన్నింటినీ కొంచెం కొంచెం అడగాల."

స్పానర్‌కు గొట్టం తగిలించి పొడుగు చేయడం ఆయనకు కిట్టదు. ఎండకు పట్టా సాగుతుంది, చలికి కుదించుకుంటుంది. అందుకే జాయింటులో సందు వదులుతారు. బోల్టును మరీ బిగిస్తే పట్టా కదలలేక ఒత్తిడి లోపలే నిలిచిపోతుంది. చలికాలంలో ఫిష్ ప్లేట్లు విప్పి, తుడిచి, గ్రీజు పూసి మళ్లా వేసేది కూడా ఆ కదలిక కోసమే. ఇదంతా రిజిస్టర్లో రాసినా కానీ చేతికి ఎక్కలేదు. రాసేవాడికి, చేసేవాడికి ఉన్న తేడా అదే.

ఆ పిల్లోడు కొత్త స్టడ్డు, కొత్త పేకింగ్ వేసేటప్పుడు పక్కన నిలబడి ఒక్కొక్కటీ అడిగినా. క్లర్కు బుద్ధి, నోటుబుక్కులో రాసుకున్నా. మీకు పనికొస్తుందని ఇక్కడ పెడతా ఉండాను.

మొదటిది, బండి పూర్తిగా చల్లారాల. వేడి గొట్టం చేతిని కాలుస్తుంది. వేడిలో బిగించిన లెక్క చల్లారినాక మారుతుంది కూడా. ఉత్త జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. స్టాండులో, ర్యాంపో ఉండాల, చక్రాలకు అడ్డం పెట్టాల. నేను గోనెసంచి పరచుకొని దూరినానని చెప్తే ఆ పిల్లోడు చెంపలు వేసుకున్నాడు.

తుప్పు పట్టిన నట్టుకు తుప్పు వదిలించే నూనె కొట్టి, ఓపిగ్గా కాచుకోవాల. బలవంతం చేస్తే స్టడ్డు విరుగుతుంది. మరలు బ్రష్షుతో శుభ్రం చేయాల. మర అన్న మాట తమిళంలోనూ 'మరై'యే, ఆ పిల్లోడికీ నాకూ అక్కడ తగవు లేదు. పాత పేకింగ్ మళ్లా వాడకూడదు. ఫ్లాంజి రెండు ముఖాల మీదా అంటుకున్న పాత ముక్కలు గీకి తీసేయాల.

నట్లన్నీ మొదట చేత్తోనే తిప్పి ఎక్కించాల. చేత్తో ఎక్కని నట్టు అడ్డంగా పట్టిందని అర్థం. గొట్టం రబ్బరు కొక్కేలకు సరిగ్గా వేలాడుతుందా, ఎక్కడా బాడీకి తగలడం లేదా అని చూసి, ఇంజన్ వైపునుంచి వెనక్కి ఒక్కొక్క జాయింటే బిగించుకుంటా పోవాల. మూడు నట్లుంటే మొదటిది కొంచెం, రెండోది కొంచెం, మూడోది కొంచెం. మళ్లా మొదటినుంచి. ప్రతి సుత్తుకూ సందు చుట్టూ సమంగా ఉందా అని కంటితో చూడాల. ఇంజన్ దగ్గర మేనిఫోల్డుకైతే నడిమినుంచి రెండు పక్కలకూ పోతారు.

చివరి బిగింపు టార్క్ రెంచితో. ఎంత అనేది బండి పుస్తకంలో ఉంటుంది, ఒక్కో బోల్టుకు ఒక్కో లెక్క. బోల్టు బిగించినప్పుడు వెంట్రుకంత సాగుతుందట. ఆ సాగిన బోల్టు స్ప్రింగు మాదిరి వెనక్కి లాగుతుంది, ఆ లాగుడే జాయింటును పట్టి ఉంచుతుంది. హద్దు దాటి సాగదీస్తే అది మళ్లా వెనక్కి రాదు, పట్టు పోతుంది. కొన్ని బండ్లలో బోల్టుకు స్ప్రింగే వేసి ఉంటుంది. అక్కడ జాయింటు కొంచెం ఊగాల. స్ప్రింగును నలిపేసేంత బిగిస్తే ఇంకో చోట గొట్టం చీలుతుంది.

పని అయినాక, బయట గాలిలో నిలిపి స్టార్ట్ చేసి, వేడెక్కకముందే జాయింటు మీద సబ్బునీళ్లు చల్లినాడు. బుడగ రాలేదు. "నూరు కిలోమీటర్లు తర్వాత..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి నవ్వి ఆపేసినాడు.

ఓనరు ముందర ఆ పిల్లోడికి క్షమాపణ చెప్పినా. వయసులో నాకు మనవడంత. "పరవాలేదు అయ్యా, పాపకు బాగుంది కదా" అన్నాడు. వాడి పని నిలిచింది. ఆరోజు కూలి ఎంతయిందని అడిగితే పార్టుల డబ్బు మాత్రమే చెప్పినాడు. మిగతాది బలవంతంగా వాడి జేబులో పెట్టి వచ్చినా.

నూటారు కిలోమీటర్లకు పోయి చూపించినా. ఒక నట్టు కొద్దిగా తిరిగింది, మిగతావి తిరగలేదు. అంత చిన్న పని అది. మొదటిసారే పోయుంటే తొప్పూరు కనుమలో ఆ పది నిమిషాలు మాకు ఉండేవి కావు.

మన సంఘంలో చాలామందికి పెద్ద బండ్లు ఉండాయి. ఎండాకాలం సెలవులకు తిరుపతి, హొగెనకల్, మేట్టూరు అని పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకొని తిరుగుతారు. దయచేసి ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. బండి మోత మారితే, జాయింటు దగ్గర మసి కనిపిస్తే, లోపల పొగ వాసన వస్తే ఆరోజే చూపించండి. సామాను పట్టకపోతే రెండో బండి పెట్టండి, వెనక తలుపు తాడుతో కట్టి పోవద్దు. పిల్లలు తలనొప్పి అంటే నిమ్మకాయ ఇచ్చేముందు అద్దాలు దించండి. ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే బండి ఆపి అందరూ దిగండి.

మనవరాలు బాగుంది. నిన్న నా నోటుబుక్కు తీసి, నేను రాసింది చదివించుకొని, "తాతా, నువ్వు ఇంకమీద బండి కింద పడుకోవద్దు" అంది. అంతా తెలుగులోనే అంది. సరేనన్నా.

వచ్చే మీటింగుకు తప్పకుండా వస్తా.