వంద గింజల పరీక్ష

"సెలవులకి ఇంటికి రాకుండా అక్కడేం చేస్తున్నావురా?" అని నాన్న ఫోనులో అడిగాడు.

"లాబ్‌లో సర్వరు సాఫ్ట్‌వేరు మారుస్తున్నాం నాన్నా."

"పాతది చెడిపోయిందా?"

"లేదు, బాగానే నడుస్తోంది."

"నడిచేదాన్ని కెలకడమెందుకురా మరి?"

న్యాయమైన ప్రశ్నే. మా లాబ్‌లో ఉన్నది ఒకే ఒక పెద్ద మిషను. ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేరు దాన్ని పదకొండు మిషన్లుగా చేసి చూపిస్తుంది. ఒకే చేనుకు గట్లు వేసి పదకొండు మడులు చేసినట్టన్నమాట. ఒక మడిలో హాజరు పట్టీ, ఒక మడిలో లైబ్రరీ జాబితా, ఇంకొక మడిలో ఫైనలియర్ వాళ్ళ ప్రాజెక్టులు. మా దగ్గరున్నది 7వ వెర్షను. దానికి మద్దతు 2024 జూలైతో ముగిసింది. ఆ తర్వాత బయటపడే కన్నాలకు మాటు వేసే నాథుడు లేడు. 2025 ఆగస్టులో 9 వచ్చింది. అయితే 7 నుంచి 9కి ఒక్క గెంతున పోరాదు. ముందు 8 మీద కాలు మోపాలి. మెట్టు మెట్టుకీ అడుగునున్న డెబియన్ కూడా మారుతుంది.

పథకం రాసే పని మాష్టారు నాకు అప్పగించారు. గర్వంగా రెండు పేజీలు నింపాను. ముందు 'పివిఈ7టు8' అనే తనిఖీ ప్రోగ్రాము నడపాలని కూడా రాశాను. (అది మా ఊరి పెద్దమనుషుల్లాంటిది, తప్పులు చెబుతుందే గాని దిద్దదు.) మాష్టారు చదివి, "వెనక్కొచ్చే దారేదోయ్?" అన్నారు.

"బాకప్ ఉంది సార్."

"తెరిచి చూశావా?"

చూడలేదు. సిగ్గేసింది. ఎందుకంటే మా ఇంట్లో ఏటా తొలకరికి ముందు అమ్మ వంద వడ్లగింజలు తడి గోనెగుడ్డలో చుట్టి పెడుతుంది. మొలకలు లెక్కపెట్టేది చిన్నప్పటినుంచీ నేనే. ఎనభై మొలిస్తేనే నారుమడి మాట. బస్తా నిండుగా ఉందికదా అని ఎవరూ చల్లరు.

మర్నాడు ఒక పాత కంప్యూటరు తెచ్చి, బాకప్‌లు ఒక్కొక్కటే అందులో లేపి చూశాం. పది లేచాయి. పదకొండోది, ఆ ఫైనలియర్ ప్రాజెక్టులదే, సగంలో చచ్చింది. బయటి డిస్కు నిండిపోయి కాపీ మధ్యలో తెగింది, ఎవరూ గమనించలేదు. అసలుది సర్వరులో ఇంకా భద్రంగా ఉంది కాబట్టి సరిపోయింది. మరో డిస్కులోకి ఎక్కించి, మళ్ళీ లేపి, ఒక సీనియర్ అన్నను పిలిచి ఆయన ఫైళ్ళు ఆయన చేతే తెరిపించాం. అప్పుడుగాని మాష్టారు పథకం మీద సంతకం పెట్టలేదు.

ఆదివారం రాత్రి హాస్టల్ నుంచి చేద్దామనుకున్నాను. మాష్టారు ఒప్పుకోలేదు, మిషను పక్కనే కూర్చోమన్నారు. మంచిదే అయింది. కొత్త కెర్నల్‌తో నెట్‌వర్కు కార్డు పేరు మారిపోయి, బయటి నుంచి పిలిస్తే సర్వరు పలకడం మానేసింది. నా చేతులు చల్లబడ్డాయి. ఎదురుగా తెర, కీబోర్డు ఉన్నాయి కనుక ఫైల్లో ఆ పేరు మార్చి బతికించాం. ఇరవై నిమిషాలు పట్టింది.

ప్రస్తుతం 8 దగ్గర ఆగాం. 9 సంగతి సంక్రాంతి సెలవుల్లో. ఆ మాట నాన్నకి ఇంకా చెప్పలేదు.